మధురపూడిలో ఏ విమానం దిగాలో ఎవరు నిర్ణయిస్తారు?



కోనసీమలో విమానాశ్రయం లేదు. అమలాపురానికి రైలు కూడా ఇంకా రాలేదు. అయినా రాజోలు, మలికిపురం, మామిడికుదురు, కొత్తపేట, ఏ ఊరు తీసుకున్నా కువైట్, మస్కట్, దుబాయ్, ఖతార్ విమానాల వేళలు నోటికి వచ్చిన ఇళ్ళు ఉంటాయి. కొబ్బరి ధర ఎంత ఉందో, దినార్ విలువ ఎంత ఉందో రెండూ తెలిసిన సీమ మనది. అందుకే ఈ రోజు విమాన కంపెనీల వ్యాపారం గురించి మాట్లాడదలచుకున్నాను. ఇది షేర్ మార్కెట్ వాళ్ళకు సంబంధించిన సంగతి అని దయచేసి రేడియో కట్టేయకండి. ఒక కంపెనీ ఏ ఊరికి విమానం వేస్తుంది, ఎంత పెద్ద విమానం వేస్తుంది, టికెట్ ఎంతకు అమ్ముతుంది, ఎప్పుడు మానేస్తుంది అన్నవి మన పిల్లల ఉద్యోగాల్నీ, మన ఇంటి అప్పుల్నీ నేరుగా తాకే విషయాలు.

సఖినేటిపల్లి రేవులో పంటు నడిపేవాళ్ళని చూడండి. ఇంజను బాగానే ఉంటుంది, డీజిలు ఉంటుంది, నరసాపురం వెళ్ళాల్సినవాళ్ళు గట్టు మీద నిలబడే ఉంటారు. అయినా గోదావరికి వరద తగిలిందంటే పంటు కట్టేయాల్సిందే. విమాన కంపెనీ పరిస్థితీ అంతే. దాని చేతిలో ఉన్నవి కొన్నే. చమురు ధర, డాలరు విలువ, ప్రభుత్వ నిబంధనలు, దేశాల మధ్య తగాదాలు, తుపాన్లు, ఎక్కడో అమెరికాలో ఇంజన్లు చేసే ఫ్యాక్టరీ, ఇవేవీ దాని మాట వినవు. బయటి దెబ్బ అన్ని కంపెనీలకూ తగులుతుంది. దాన్ని ముందే లెక్కలో వేసుకున్నది నిలబడుతుంది, వేసుకోనిది మూతపడుతుంది. మూతపడినప్పుడు నష్టం వాటాదారుల దగ్గర ఆగదు, ముందుగా టికెట్ కొనుక్కున్న మనదాకా వస్తుంది. ఈ మాట నేను ఊరికే అనడం లేదు, మన తెలుగు నేల మీద జరిగిన సంగతులే చెబుతాను.

ముందు మధురపూడి దగ్గర మొదలుపెడదాం. రావులపాలెం మీదుగా రాజమహేంద్రవరం దాటి వెళ్తే వచ్చే ఆ విమానాశ్రయమే మనకు దగ్గర. చాలాకాలం అక్కడి రన్‌వే పొడవు 1,749 మీటర్లు. నిండుగా జనాన్ని ఎక్కించుకున్న పెద్ద జెట్ విమానాలకు అది చాలదు. కాబట్టి రాజమండ్రికి విమానం వేయాలనుకున్న ఏ కంపెనీ అయినా డెబ్భై పైచిలుకు సీట్లుండే ఏటీఆర్ లాంటి పంకాల విమానం తెచ్చుకోవాల్సిందే. ప్రయాణికులు ఎందరున్నారన్న ప్రశ్న తర్వాత. విమానం సైజును ముందే రన్‌వే తేల్చేసింది.

దానికి తోడు చట్టం. మన దేశంలో 80 సీట్ల లోపు విమానాలు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ విమానాశ్రయాల్లో దిగితే ల్యాండింగ్ రుసుము ఉండదు. 40 వేల కిలోల లోపు బరువుండే విమానాలు కొనే ఇంధనం మీద అమ్మకం పన్నుకు చట్టం తక్కువ పరిమితి పెట్టింది. పెద్ద విమానాలకు ఆ రక్షణ లేదు. విమాన ఇంధనం ఇప్పటికీ జీఎస్‌టీలోకి రాలేదు కాబట్టి ఏ రాష్ట్రం పన్ను ఆ రాష్ట్రానిది. తమిళనాడులో అది 29 శాతం దాకా ఉండేది. మన రాష్ట్రం విభజన తర్వాత 16 శాతం నుంచి 1 శాతానికి తగ్గించింది. మన దేశంలో విమాన కంపెనీ ఖర్చులో ఇంధనానిదే మూడో వంతుకు పైన, ఒక్కోసారి 40 శాతం. అంతటి ఖర్చు మీద పన్ను ఒక రాష్ట్రంలో ఒకలా, పక్క రాష్ట్రంలో ఇంకోలా ఉన్నప్పుడు ఏ విమానం ఏ ఊళ్ళో ఇంధనం నింపుకోవాలన్నది కూడా వ్యాపార నిర్ణయమే అవుతుంది. ఇండిగో వాళ్ళ ఏటీఆర్‌లో 78 సీట్లు, ఎయిర్ కోస్టా నడిపిన ఎంబ్రేయర్ 170లో 67 సీట్లు. రెండూ చట్టం గీసిన గీతకు లోపలే.

తర్వాత మధురపూడి చుట్టుపక్కల రైతుల దగ్గర ఎనిమిది వందల ఎకరాలకు పైగా భూమి తీసుకున్నారు. రన్‌వేను 3,165 మీటర్లకు పెంచారు. ఫలితం వెంటనే రాలేదు, కొన్నేళ్ళు పట్టింది. 2024 డిసెంబరు 1న ముంబైకి, 12న ఢిల్లీకి ఇండిగో నేరుగా విమానాలు మొదలుపెట్టింది, అవి సుమారు 180 సీట్లుండే ఎయిర్‌బస్‌లు. అంతకుముందు అమలాపురం మనిషి మధురపూడిలో ఎక్కి ఢిల్లీ వెళ్ళాలంటే హైదరాబాదులోనో ఇంకెక్కడో దిగి మారాల్సిందే. ఈ మార్పు కంపెనీ తెలివి వల్ల మాత్రమే వచ్చింది కాదు. ప్రభుత్వం డబ్బు పెట్టింది, రైతులు నేల వదులుకున్నారు, అప్పుడు కంపెనీకి దారి కనిపించింది. ఆ రైతుల పేర్లు ఏ ప్రకటనలోనూ కనిపించవు. వాళ్ళకు మనం రుణపడి ఉన్నాం.

ఇక ఎయిర్ కోస్టా. విజయవాడ కేంద్రంగా ఒక తెలుగు వ్యాపార సంస్థ 2013 అక్టోబరులో మొదలుపెట్టిన విమాన కంపెనీ ఇది. విజయవాడ, విశాఖ, తిరుపతి లాంటి ఊళ్ళను హైదరాబాదు, చెన్నై, బెంగళూరులతో కలపాలన్నది ఆలోచన. ఆ ఆలోచన చాలా మంచిది. చిన్న ఊళ్ళలో విమానం ఎక్కే జనం ఉన్నారని పెద్ద కంపెనీలకంటే ముందే గుర్తించింది. ఆ ధైర్యాన్ని మెచ్చుకోవాలి. కానీ 2014 ఫిబ్రవరిలో సింగపూర్ విమాన ప్రదర్శనలో ఆ కంపెనీ 50 ఎంబ్రేయర్ విమానాలకు ఆర్డరిచ్చింది. ధరల పట్టిక ప్రకారం దాని విలువ సుమారు 294 కోట్ల డాలర్లు. అప్పటికి కంపెనీ ఎగరేస్తున్న విమానాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

ఇక్కడే బయటి శక్తి పనిచేసింది. విమానాల అద్దె డాలర్లలో కట్టాలి, టికెట్లు రూపాయల్లో అమ్మాలి. రూపాయి జారిన ప్రతిసారీ, ఒక్క సీటు కూడా అదనంగా అమ్మకుండానే ఖర్చు పెరుగుతుంది. ప్రాంతీయ లైసెన్సు కావడంతో దక్షిణాది దాటి పెద్ద మార్గాల్లోకి వెళ్ళడానికి నిబంధనలు అడ్డు. దేశమంతా తిరిగే అనుమతి 2016లో వచ్చేనాటికి విమానాలు అద్దెకిచ్చిన సంస్థలతో వివాదాలు ముదిరాయి. 2017 ఫిబ్రవరి చివర సర్వీసులు ఆగిపోయాయి. మళ్ళీ మొదలు కాలేదు. జనం ఉన్నారన్న లెక్క సరిపోయింది, డాలరు లెక్క సరిపోలేదు. నా ఉద్దేశంలో ఆ కంపెనీ పోవడం మన ప్రాంతానికి పెద్ద నష్టం. విజయవాడను తన ఇల్లు అనుకున్న విమాన కంపెనీ అలాంటిది ఇంకొకటి మనకు రాలేదు.

హైదరాబాదు నుంచి 2015 జూలైలో ఎగిరిన ట్రూజెట్ ఇంకొంచెం జాగ్రత్తగా నడిచింది. ఏటీఆర్‌లే వాడింది, రాజమండ్రికి కూడా వచ్చింది. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం మొదలైనప్పుడు కడప–హైదరాబాదు, నాందేడ్–హైదరాబాదు మార్గాలు దానికే దక్కాయి. ఉడాన్ అంటే మీకు తెలిసే ఉంటుంది. అప్పట్లో గంట ప్రయాణానికి కొన్ని సీట్లు 2,500 రూపాయలకు అమ్మాల్సి ఉండేది, వచ్చే లోటును ప్రభుత్వం పూడ్చేది. ఆ పూడ్చడం మూడేళ్ళు. ఆలోగా మార్గం తన కాళ్ళ మీద తాను నిలబడాలి. 2017 ఏప్రిల్ నుంచి మూడేళ్ళు లెక్కపెట్టండి, 2020 ఏప్రిల్ వస్తుంది. ఆ నెల దేశంలో ఒక్క మామూలు ప్రయాణికుల విమానం కూడా ఎగరలేదు. కరోనా మూలంగా మార్చి 25 నుంచి మే 24 దాకా అన్నీ నేల మీదే. చేయూత అయిపోయే వేళకు జనమూ లేకుండా పోయారు. ట్రూజెట్ ఆ తర్వాత రెండేళ్ళు పెనుగులాడి 2022 ఫిబ్రవరిలో ఆగిపోయింది. కడప వాళ్ళకు అది పెద్ద దెబ్బ. సర్కారు చేయూత మీద కట్టిన వ్యాపారానికి ఆ చేయూత గడువు తేదీ తన పుట్టినరోజంత బాగా గుర్తుండాలి. కానీ ఆ గడువు మహమ్మారి మధ్యలో వచ్చి పడుతుందని 2017లో ఎవరూ ఊహించి ఉండరు. కాబట్టి వాళ్ళను పూర్తిగా తప్పుపట్టలేను.

పెద్ద కంపెనీ అయితే ఇవేవీ తగలవా? తగులుతాయి. రాజమండ్రికి వచ్చే జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న ఆగిపోయింది. గో ఫస్ట్ 2023 మేలో దివాలా పిటిషన్ వేసింది, ప్రాట్ అండ్ విట్నీ ఇంజన్లు సరఫరా కాక సగం విమానాలు నేలకు పరిమితమయ్యాయని చెప్పింది. అవే ఇంజన్ల సమస్యతో ఇండిగో కూడా డెబ్భైకి పైగా విమానాలు పక్కన పెట్టాల్సి వచ్చింది. కానీ దానికి వేరే విమానాలు ఉన్నాయి, అద్దెకు తెచ్చుకునే స్తోమత ఉంది, తట్టుకుంది.

అదే ఇండిగో 2025 డిసెంబరు మొదటి వారంలో తడబడింది. ఈసారి బయటి శక్తి చట్టం రూపంలో వచ్చింది. పైలట్లు అలసిపోయి విమానం నడపకూడదని పౌర విమానయాన డైరెక్టరేట్ కొత్త పనివేళల నిబంధనలు పెట్టింది. వారానికి 48 గంటల విశ్రాంతి ఇవ్వాలి, రాత్రిపూట ల్యాండింగులు ఆరు నుంచి రెండుకు తగ్గించాలి. రెండో దశ నవంబరు 1న అమల్లోకి వస్తుందని కంపెనీలకు ముందే తెలుసు. అయినా దేశీయ ప్రయాణికుల్లో అరవై శాతానికి మించి మోసే ఆ కంపెనీ చాలినంత పైలట్లను సిద్ధం చేసుకోలేదు. కొన్ని రోజుల్లో వేల విమానాలు రద్దయ్యాయి. ప్రభుత్వం టికెట్ ధరలకు గరిష్ఠ పరిమితి పెట్టాల్సి వచ్చింది, శీతాకాలం సర్వీసుల్లో 10 శాతం కోసింది, కొత్త నిబంధన నుంచి కొంతకాలం మినహాయింపు కూడా ఇచ్చింది. ఆ మినహాయింపు నాకు నచ్చలేదు. పైలట్ నిద్ర అంటే ప్రయాణికుడి ప్రాణం. తుపాను చెప్పి రాదు, యుద్ధం చెప్పి రాదు. ఈ నిబంధన చెప్పి వచ్చింది. చెప్పి వచ్చినదానికి సిద్ధపడకపోవడం క్షమించదగిన విషయం కాదు. మధురపూడికి ఎక్కువ విమానాలు ఒకే కంపెనీవి అయినప్పుడు ఆ కంపెనీ తప్పు మొత్తం మన నెత్తిన పడుతుంది. పోటీ లేని చోట ప్రయాణికుడికి వేరే దారి లేదు.

ఇప్పుడు గల్ఫ్ సంగతికి వస్తాను. మన ఇళ్ళల్లో ఎక్కువమందికి తగిలేది ఇదే.

1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. అక్కడున్న మనవాళ్ళు బస్సుల్లో, లారీల్లో ఎడారి దాటి జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరారు. ఎయిరిండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానాలు 59 రోజులపాటు 488 సార్లు తిరిగి లక్షా పదివేల మందికి పైగా ముంబై చేర్చాయి. అది వ్యాపారం కాదు, ప్రభుత్వ ఆజ్ఞ. ఎయిరిండియా ప్రభుత్వానిది కాబట్టి అది సాధ్యమైంది. 2020 మే 7న మొదలైన వందేభారత్ విమానాలూ అంతే, అప్పటికీ ఎయిరిండియా ప్రభుత్వ సంస్థే. గల్ఫ్ నుంచి కొన్ని నేరుగా విజయవాడ దగ్గరి గన్నవరంలో దిగాయి. 2022 జనవరిలో ఎయిరిండియా టాటాల చేతికి వెళ్ళింది. రేపు ఇంకో ఆపద వస్తే ప్రభుత్వం ఆజ్ఞ ఇవ్వడానికి తన సొంత పెద్ద విమాన సంస్థ లేదు, ఒప్పందం చేసుకోవాలి. ఈ తేడాను గల్ఫ్‌లో పిల్లలున్న తల్లిదండ్రులు గుర్తుంచుకోవాలి.

కూలి కోసం వెళ్ళే మనుషులే ఒక కంపెనీ పుట్టుకకు కారణమవుతారంటే ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ అందుకు ఉదాహరణ. 2005 ఏప్రిల్ 29న తిరువనంతపురం నుంచి అబుదాబికి అది తొలిసారి ఎగిరింది. తక్కువ జీతాల మలయాళీ కార్మికులు వ్యాపారానికి పునాది. కువైట్‌కు చెందిన జజీరా ఎయిర్‌వేస్ 2017 నవంబరులో ఇండియాలో గమ్యంగా హైదరాబాదును ఎంచుకుంది. కువైట్‌లో తెలుగువాళ్ళు, ముఖ్యంగా కడప, గోదావరి జిల్లాల నుంచి ఇళ్ళల్లో పనికి వెళ్ళిన ఆడవాళ్ళు ఎంతమంది ఉన్నారో తెలిసిన మనకు ఆ ఎంపిక ఆశ్చర్యం కలిగించదు.

ఈ మార్గాల్లో చమురు రెండు వైపులా లాగుతుంది. చమురు ధర పెరిగితే విమాన కంపెనీకి ఇంధనం ఖర్చు పెరుగుతుంది, కానీ గల్ఫ్‌లో పనులు పెరిగి మనవాళ్ళకు వీసాలు వస్తాయి, సీట్లు నిండుతాయి. ధర పడిపోతే ఇంధనం చౌక, కానీ అక్కడ ప్రాజెక్టులు ఆగి మనుషులు తిరుగుముఖం పడతారు. వేరే మార్గాల్లో లాభనష్టాల లెక్క ఇంత చిక్కుగా ఉండదు.

మరి రాజమండ్రి నుంచి నేరుగా కువైట్‌కు విమానం ఎందుకు లేదు? చాలామంది అడుగుతుంటారు. రన్‌వే ఇప్పుడు చాలుతుంది. కానీ మధురపూడిలో ఇమిగ్రేషన్, కస్టమ్స్ ఏర్పాట్లు లేవు. విదేశీ కంపెనీలు రెండు దేశాల ఒప్పందంలో పేరున్న ఊళ్ళకే రాగలవు. కాబట్టి వస్తే మన దేశపు కంపెనీయే రావాలి. విజయవాడ నుంచి షార్జాకు 2022 అక్టోబరు 31న ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ అలాగే వచ్చింది. ఇంకో సంగతి, మనం ఎక్కువగా మాట్లాడుకోనిది. రాజోలు నుంచి కువైట్ వెళ్ళే మనిషి రాత్రి బస్సెక్కి హైదరాబాదు వెళ్ళి అక్కడ విమానం ఎక్కితే అతను హైదరాబాదు ప్రయాణికుడిగా లెక్కకెక్కుతాడు. చెన్నైలో ఎక్కితే చెన్నై లెక్క. కోనసీమ జనం ఎందరన్నది కంపెనీ ముందున్న పట్టికలో ఎక్కడా కనబడదు. కనబడని ప్రయాణికుడి కోసం ఎవరూ విమానం వేయరు.

అమెరికాలో పిల్లలున్నవాళ్ళకూ ఒక మాట. పహల్గామ్ దాడి తర్వాత 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేసింది. ఢిల్లీ నుంచి పడమరకు వెళ్ళే ఎయిరిండియా విమానాలు చుట్టూ తిరిగి వెళ్ళాల్సి వచ్చింది, ఎక్కువ ఇంధనం, ఎక్కువ గంటలు, కొన్నిసార్లు మధ్యలో దిగి ఇంధనం నింపుకోవాల్సి వచ్చింది. సెప్టెంబరు 1 నుంచి ఎయిరిండియా ఢిల్లీ–వాషింగ్టన్ సర్వీసునే ఆపేసింది. ఆ కంపెనీ చెప్పిన కారణాల్లో ఈ మూసివేత ఒకటి, విమానాల ఆధునికీకరణ ఇంకొకటి. వర్జీనియాలో కొడుకు దగ్గరికి వెళ్ళే ముమ్మిడివరం తల్లి ప్రయాణాన్ని ఇలా ఇస్లామాబాద్‌లో తీసుకున్న నిర్ణయం మార్చేసింది. అదే ఏడాది జూన్ 23న ఖతార్ కొన్ని గంటలపాటు తన ఆకాశాన్ని మూస్తే దోహా మీదుగా వెళ్ళేవాళ్ళు ఎక్కడివాళ్ళు అక్కడ నిలిచిపోయారు.

తుపాను గురించి కోనసీమకు నేను చెప్పేదేముంది. 1996 నవంబరు 6 రాత్రి చూసినవాళ్ళు ఇంకా మన మధ్య ఉన్నారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ విమానాశ్రయం పైకప్పు లేపేసింది, కొన్ని రోజులు విమానాలు లేవు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా మన నరసాపురం దగ్గరే తీరం దాటింది, విశాఖ, విజయవాడ, రాజమండ్రి సర్వీసులు రద్దయ్యాయి. ముందుచూపున్న కంపెనీ తుపాను హెచ్చరిక రాగానే విమానాల్ని తీరం నుంచి దూరంగా తీసుకెళ్ళి పెట్టుకుంటుంది. ఆ మర్నాడు ప్రయాణం ఉన్న మనిషికి మాత్రం అది రద్దు కిందే లెక్క.

పెద్ద పండుగ కూడా బయటి శక్తే. సంక్రాంతికి హైదరాబాదు, బెంగళూరు, దుబాయ్ నుంచి జనం కోనసీమకు వస్తారు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. భోగికి ముందు రెండు మూడు రోజులు రాజమండ్రి టికెట్ ధర ఎలా ఎగబాకుతుందో మీకు తెలుసు. మన దేశంలో మామూలు రోజుల్లో విమాన టికెట్‌కు ప్రభుత్వ ధర లేదు, సీట్లు ఎంత తగ్గితే ధర అంత పెరుగుతుంది. దీన్ని నేను పూర్తిగా తప్పనను. వచ్చే విమానం నిండుతుంది, తిరిగి వెళ్ళేది ఖాళీగా వెళ్తుంది. అయితే అదనపు సర్వీసులు వేయకుండా ధర మాత్రమే పెంచడాన్ని సమర్థించలేను. పండుగ తేదీ ఏడాది ముందే తెలుసు కదా.

ఇంతా చెప్పింది బయటి శక్తుల్ని మనం ఆపలేమని చెప్పడానికి కాదు. మన చేతిలో ఉన్నవి కొన్ని చేసుకుందాం. వీలైనంతవరకు రాజమండ్రి నుంచే టికెట్ మొదలుపెట్టండి. గల్ఫ్ దాకా ఒకే టికెట్ తీసుకోండి. విడివిడిగా రెండు కంపెనీల టికెట్లు కొంటే, మొదటి విమానం రద్దైనప్పుడు రెండోదానికి ఎవరూ బాధ్యత తీసుకోరు, వీసా గడువు మీద ఉన్న మనిషి నష్టపోతాడు. ఒకే టికెట్ అయితే గమ్యం చేర్చే బాధ్యత కంపెనీది, పైగా మీరు రాజమండ్రి ప్రయాణికుడిగా లెక్కకెక్కుతారు. తుపాను, యుద్ధం, ఆకాశం మూయడం లాంటి అసాధారణ కారణాలతో రద్దైతే కంపెనీ పరిహారం ఇవ్వనక్కర్లేదని నిబంధన ఉంది. కానీ పూర్తి డబ్బు వాపసో, వేరే విమానమో ఇవ్వాల్సిందే, అది మీ హక్కు. ఇవ్వకపోతే ప్రభుత్వ ఎయిర్‌సేవ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. చివరగా, టికెట్ బుక్ చేసేటప్పుడు ఏజెంటు ఫోన్ నంబరు కాకుండా ప్రయాణించే మనిషి నంబరు ఇవ్వండి. రద్దు కబురు ఆ నంబరుకే వస్తుంది. సరైన నంబరు ఇవ్వనివాళ్ళకు రద్దు పరిహారం ఇవ్వనక్కర్లేదని కూడా నిబంధనల్లోనే ఉంది.